గోడౌనాయన ఫైనల్ రౌండ్

గోడౌనాయనకి ఫైనల్ రౌండ్ పిలుపు వచ్చిందన్న సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. తెలియకేం చేస్తుంది, ఆయనే కదా ఇంటింటికీ తిరిగి చెప్పింది! ఇస్త్రీ కొట్టతనికి చెప్పాడు. మందుల షాపులో చెప్పాడు. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ సంచీ మోసుకుంటూ మెట్లు దిగుతుంటే ఆపి మరీ చెప్పాడు. "ఫైనల్ అంటే ఇంక అయిపోయినట్టేనండీ. ఊరికే మనిషిని ఓసారి చూసుకుంటారంతే" అన్నాడు. ఆ మాట ఆయనకెవరూ చెప్పలేదు. తనే అనుకున్నాడు. అనుకున్నదాన్ని నలుగురికీ చెప్పేసరికి అదే నిజమని తనకీ నమ్మకం కుదిరిపోయింది.

అంత సంబరం దేనికంటారా? ఎందుకుండదండీ! టైల్స్ కంపెనీ గోడౌన్‌లో కూలీగా చేరి, సూపర్‌వైజర్ దాకా ఎదిగిన మనిషి. పెళ్ళి కాకముందు చేరాడు, కూతురి పెళ్ళి చేసినా ఇంకా అక్కడే ఉన్నాడు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఊళ్ళో అందరికీ గోడౌనాయనే. అలాంటిది, ఆ కంపెనీని ఎవరో కొనుక్కున్నారు. కొన్నవాళ్ళకి ఆ గోడౌన్ అక్కర్లేకపోయింది. గోడౌనే అక్కర్లేనివాళ్ళకి గోడౌనాయన మాత్రం దేనికి? ఒకనాటి మధ్యాహ్నం భుజం తట్టి, చాలా మంచివారండీ మీరు అని పొగిడి, ఇంటికి పంపించేశారు. యాభై దాటిన మనిషి ఆ వేళప్పుడు ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, "రేపట్నుంచి లేదంట" అన్నాడు భార్యతో. ఆవిడ గ్యాస్ కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది.

తర్వాత మొదలైంది అసలు ప్రహసనం. ఈ రోజుల్లో ఉద్యోగం అడగాలంటే మనిషి దగ్గరికి వెళ్ళడానికి లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ "ఆన్‌లైన్‌లో పెట్టుకోండి" అంటాడు. ఆన్‌లైన్‌లో పెడితే అది గాల్లో కలిసిపోతుంది. వద్దనైనా చెప్పరు! గుమ్మంలోకొచ్చిన కుక్కనైనా ఛీ పొమ్మంటాం కదా, ఆపాటి మర్యాద కూడా లేదు ఆ కంపెనీలకి. గోడౌనాయన రోజూ ఫోన్ తీసి చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. చూసి చూసి భార్యకి కడుపు తరుక్కుపోయేది.

అప్పుడు ఆదుకున్నది అల్లుడు. కూతురూ అల్లుడూ రెండు వీధుల అవతలే ఉంటారు. అల్లుడు ఒక పార్శిల్ కంపెనీలో టీమ్ లీడర్. మాట తక్కువ, పని ఎక్కువ. మామగారంటే గౌరవం, ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చోడు. గోడౌనాయన కూడా అంతే, "అల్లుడుగారూ, మీరు" అనే తప్ప ఇంకో మాట ఎరగడు. ఊళ్ళోకి కొత్తగా పెద్ద పార్శిల్ కంపెనీ ఒకటి వస్తోందనీ, షిఫ్ట్ సూపర్‌వైజర్ కావాలంటున్నారనీ ఆ అల్లుడే చెప్పాడు. ఉన్నది ఒక్కటే పోస్టు. ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకొచ్చి, మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని, అప్లికేషన్ తనే నింపాడు.

అప్లికేషన్ అయ్యాక స్వభావ పరీక్ష అని ఒకటొచ్చింది. మనిషి ఎలాంటివాడో లాప్‌టాప్ తేలుస్తుందట.

"'నాకు కోపం రాదు.' అవునా, కాదా మామయ్యా?" అని చదివాడు అల్లుడు.

"అవును. కోపం ఎక్కడిది నాకు?"

వంటింట్లోంచి భార్య నవ్వు వినపడింది. "కాదని పెట్టండి బాబూ. తీరా చేర్చుకున్నాక తెలిస్తే వాళ్ళు లబోదిబోమంటారు."

"నిన్నెవరడిగారే? నోర్మూసుకో!" అని అరిచాడు గోడౌనాయన.

అల్లుడు కిక్కురుమనకుండా 'కాదు' మీద నొక్కేశాడు.

ఆ తర్వాత వీడియో ఇంటర్వ్యూ. అవతల మనిషి ఉండడు. ఫోన్లో ప్రశ్న కనపడుతుంది, దాన్ని చూస్తూ మనం మాట్లాడాలి, అది రికార్డు చేసుకుంటుంది. కూతురు ఫోన్ పట్టుకుని నిలబడింది. ఏడో నెల పొట్ట, ఆయాసం, అయినా చెయ్యి దించలేదు పిచ్చితల్లి. గోడౌనాయన ఏమో సగం టైము "హలో, వినపడుతోందాండీ? హలో!" అనే గడిపేశాడు. "నాన్నా, అవతల ఎవరూ లేరు, నువ్వు మాట్లాడు" అని కూతురు నవ్వాపుకోలేక ఫోన్‌ని ఊపేసింది. ఎలాగో అదీ గట్టెక్కింది.

గట్టెక్కనిది కంప్యూటర్ పరీక్ష. తెర మీద లారీలు, తెర మీద పెట్టెలు. ఏ పెట్టె ఏ లారీలోకి వెళ్ళాలో వేలితో జరుపుతూ పెట్టాలి. మూలన గడియారం పరుగెడుతోంది. గోడౌనాయన ఒక పెట్టెని లారీ దగ్గరికి లాగేలోపు అది జారి మొదటికొచ్చింది. ఇంకోసారి లాగాడు, ఇంకోసారి జారింది. చెమటలు పట్టేశాయి. వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి.

"లేవండి మామయ్యా. నేను చూస్తా" అన్నాడు అల్లుడు.

గోడౌనాయన లేచాడు. అల్లుడు కూర్చుని టకటకా మొత్తం పూర్తి చేసేశాడు. చివర్లో ఒక గడి వచ్చింది. 'ఈ పరీక్ష ఎవరి సాయమూ లేకుండా నేనే రాశాను' అని దాని పక్కన రాసుంది. అల్లుడు ఆ వాక్యాన్ని పైకి చదివి, మామగారి ముఖం చూశాడు.

"అందరూ ఇంతేనంటారా?" అన్నాడు గోడౌనాయన.

"అందరూ ఇంతే మామయ్యా" అని అల్లుడు ఆ గడిలో టిక్కు పెట్టాడు.

పరీక్షలో చాలా మంచి మార్కులొచ్చాయని మెసేజ్ వచ్చినప్పుడు గోడౌనాయనకి కాస్త సిగ్గేసింది. ఫైనల్ రౌండ్‌కి రమ్మని పిలుపొచ్చాక ఆ సిగ్గు కూడా పోయింది. వీధిలోకి వెళ్ళి చెప్పడం మొదలుపెట్టాడు.

ఫైనల్ రోజు పొద్దున్నే భార్య ఆయన జుట్టుకి రంగేసింది. మీసానికి వేస్తుంటే నవ్వించాడు, దాంతో పెదవి మీద ఒక మరక పడింది. సబ్బు పెట్టి రుద్ది రుద్ది దాన్ని ఎర్రగా చేసింది తప్ప పోగొట్టలేకపోయింది. "ఏం కాదులే, మూతి చూసి ఇస్తారా ఉద్యోగం!" అని బయల్దేరాడు. అల్లుడికి ఫోన్ చేసి ఆశీర్వదించమని అడగలేడు కదా, పెద్దవాడు. చెప్పి వెళ్దామని మాత్రం చేశాడు. అల్లుడు ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాడు.

ఆ ఆఫీసంతా అద్దాలు. తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలీక ఒకసారి అద్దానికి ముక్కు గుద్దుకున్నాడు. లోపల రిసెప్షన్ అమ్మాయి మెడలో వేసుకోమని ఒక బిళ్ళ ఇచ్చింది. బిళ్ళ మీద పేరు లేదు, 'అభ్యర్థి 3' అని ఉంది. లోపల గదిలో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఉంటాయి, కళ్ళజోడు, ఒళ్ళో ఫైలు. గోడౌనాయన కూర్చుంటూనే మాట కలిపాడు.

"ఫైనల్ అంటే అయిపోయినట్టేగా అమ్మా?"

కళ్ళజోడావిడ నవ్వింది. "నాకిది ఎన్నో ఫైనలో గుర్తు లేదండీ. ప్రతిసారీ మా పిల్లలకి రేపట్నుంచి అమ్మ ఆఫీసుకెళ్తుందని చెప్తాను. ఈసారి చెప్పకుండా వచ్చా."

ఫైనల్‌కి వచ్చినవాళ్ళని కూడా వద్దంటారా? అయితే ఇస్త్రీ కొట్టతనికి ఏం చెప్పాలి? అని ఆయన గుబులు పడుతుండగా తలుపు తెరుచుకుని అభ్యర్థి 2 లోపలికొచ్చాడు. గోడౌనాయన తలెత్తి చూశాడు.

అల్లుడు!

ఇస్త్రీ చొక్కా, మెడలో బిళ్ళ. అల్లుడే. ఒక్క క్షణం గోడౌనాయనకి ఏమీ అర్థం కాలేదు. నాకోసం వచ్చాడనుకున్నాడు, పిచ్చి సంతోషం కూడా కలిగింది. "అల్లు..." అనబోయాడు. అల్లుడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. చూపు కిందికి దించుకుని, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు చూశాడు గోడౌనాయన ఆ బిళ్ళని సరిగ్గా. చూశాక అరికాలి మంట నెత్తికెక్కింది.

నోరు తెరిచేలోపే పిలిచేశారు. ముగ్గురినీ ఒక పెద్ద గదిలోకి తీసుకెళ్ళి, మధ్యలో కుప్పగా పోసిన పెట్టెల్ని చూపించి, ఇవన్నీ ఈ తోపుడు బండ్లలోకి సర్దండి, ముగ్గురూ కలిసి చెయ్యండి, మేం చూస్తుంటాం అన్నారు. చూడ్డానికి ఇద్దరున్నారు. ఒకరు మేనేజరమ్మ, నిదానంగా మాట్లాడే మనిషి. ఇంకొకతను తలెత్తకుండా లాప్‌టాప్‌లో కొట్టుకుంటూ పోయే మనిషి. పోటీ పడేవాళ్ళని పోటీ పెట్టకుండా కలిసి చెయ్యమనడం ఏం తెలివో, కలిసి చేశాక అందులో ఒకర్ని మాత్రం ఏరుకోవడం ఏం న్యాయమో!

సరే, మొదలుపెట్టారు. పరీక్ష గుట్టు బయటపడకుండా మామా అల్లుళ్ళు ఒకరినొకరు ఎరగనట్టు నటించాలి, కానీ అలవాటు ఊరుకుంటుందా? గోడౌనాయన వంగుతుంటే అల్లుడు గబుక్కున ముందుకొచ్చి బరువు పెట్టె తనందుకున్నాడు. "మీరు పట్టుకోకండి మా... సార్" అన్నాడు. గోడౌనాయనకి సార్ అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. మధ్యలో మంచినీళ్ళిస్తే, అంత కోపంలోనూ చెయ్యి తనంతట తనే గ్లాసుని ముందు అల్లుడి వైపు జరిపింది. కళ్ళజోడావిడ ఇద్దరినీ వింతగా చూసి, "మీరిద్దరూ ఎంత మర్యాదస్తులండీ!" అంది. లాప్‌టాప్ మనిషి అది కూడా కొట్టుకున్నాడు.

పని అయ్యాక కాసేపు విరామం ఇచ్చారు. గోడౌనాయన తిన్నగా బాత్రూమ్‌కి నడిచాడు. వెనకే అల్లుడు వచ్చాడు. తలుపు వేశారో లేదో, గోడౌనాయన పళ్ళు నూరుతూ తిరిగాడు.

"ఏంటండీ ఇది? ఏంటని అడుగుతున్నా! ఉద్యోగం ఉన్నవారు, మీకేం పోయేకాలం వచ్చిందండీ నా దాని మీద పడ్డారు?" కోపం ఎంత తారస్థాయిలో ఉన్నా ఆ అండీలు మాత్రం ఊడి పడలేదు ఆయన నోట్లోంచి.

"ఉద్యోగం లేదు మామయ్యా" అన్నాడు అల్లుడు.

"లేకపోవడమేంటి?"

"మీ అప్లికేషన్ పెట్టిన కొన్నాళ్ళకే తీసేశారు. ఏ ఊరి పార్శిళ్ళు ఆ ఊరికి వేరుచేసే మిషన్ పెట్టారు. మా షిఫ్ట్ మొత్తం పోయింది."

"మరి రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరుతున్నారుగా!"

అల్లుడు కొళాయి వైపు తిరిగి నిలబడ్డాడు. "బస్సెక్కి చివరిదాకా వెళ్తాను. అక్కడ దిగి రెండు మూడు కంపెనీలు తిరుగుతాను. మళ్ళీ బస్సెక్కుతాను."

"అది వండి పెట్టిన అన్నం ఎక్కడ తింటున్నారు?"

"బస్‌స్టాండ్‌లో."

గోడౌనాయనకి కోపం సగంలో తెగిపోయింది. అంత కడుపుతో కూతురు పొద్దున్నే లేచి వండి క్యారేజీ కట్టడం, ఆ క్యారేజీ బస్‌స్టాండ్ బెంచీ మీద తెరుచుకోవడం కళ్ళకి కట్టింది.

"దానికి చెప్పొచ్చుగా అల్లుడుగారూ. దానికి చెప్పకపోతే ఎలా?"

"మీకు లేదు. నాకూ లేదని చెప్తే తనింక ఎవర్ని చూసుకుని ధైర్యంగా ఉంటుంది మామయ్యా? ఏదో ఒకటి దొరికాక చెప్దామనుకున్నా." అని, ఉన్న నిజమంతా చెప్పేద్దామనుకున్నాడో ఏమో, "ఇక్కడ కూడా పెట్టాను. పెట్టినప్పుడు మీరు ఇంతదాకా వస్తారనుకోలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటా అనకపోయినా పోయేది. గోడౌనాయన ముఖం నల్లబడింది.

"రాకేం? నా పరీక్ష రాసింది మీరేగా!" అన్నాడు.

అల్లుడు ఏదో చెప్పబోయాడు. తలుపు తోసుకుని లాప్‌టాప్ మనిషి లోపలికొచ్చాడు. మామ చేతులు కడుక్కున్నాడు. అల్లుడు కడుక్కున్న చేతుల్నే మళ్ళీ కడుక్కున్నాడు.

తర్వాత ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచారు. ముందు కళ్ళజోడావిడ వెళ్ళింది, వచ్చింది. "పొద్దున్న మనతో పని చేసినవాళ్ళ గురించి అడుగుతున్నారండీ, మనమేం చెప్పాలి?" అని నిట్టూర్చి తన చోట కూర్చుంది. అభ్యర్థి 2 అని పిలిచారు. అల్లుడు లేచి, మామగారి వైపు ఒకసారి చూసి, వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకుంది. గోడౌనాయనకి అప్పుడు తట్టింది. తోటివాళ్ళ గురించి అడుగుతున్నారు. తన గురించి అల్లుణ్ణి అడుగుతారు. అల్లుడి దగ్గర తన గుట్టు ఉంది. 'ఆయనకి కంప్యూటర్ రాదండీ, ఆ పరీక్ష ఆయన రాయలేదు' అని ఒక్క మాటంటే చాలు, తన పని అయిపోతుంది. చెప్తాడా? ఛ, అల్లుడు అలాంటివాడు కాదు. ఎందుకు కాదు? ఇంట్లో పెళ్ళాం దగ్గరే ఇన్నాళ్ళు నాటకమాడినవాడు! మీరు ఇంతదాకా వస్తారనుకోలేదు అన్నాడు కదా, ముఖం మీదే!

నిజం చెప్పాలంటే గోడౌనాయన దగ్గర కూడా ఒక మాట సిద్ధంగా ఉంది. 'ఈయన చెడ్డ కబురు ఇంట్లోనే చెప్పడు, రేపు మీ గోడౌన్లో ఏదన్నా జరిగితే మీకేం చెప్తాడు?' అని. పెట్టెలు సర్దుతున్నప్పుడు లేదది, బాత్రూమ్‌లోంచి వచ్చాక పుట్టింది. దాన్ని చీదరించుకుని పక్కన పెట్టాడు. కాసేపటికి మళ్ళీ తీసి చూసుకున్నాడు. తనే ఇలా ఉంటే, కుర్రాడు, పుట్టబోయే బిడ్డ తండ్రి, వాడెలా ఉండాలి? చెప్పినా తప్పు పట్టలేం అనుకున్నాడు. అనుకుంటూనే కుమిలిపోయాడు. లోపల్నుంచి ఎంతకీ అల్లుడు రాడే! ఒక్క మాట చెప్పడానికి ఇంతసేపా? చెప్పేశాడు. కచ్చితంగా చెప్పేశాడు.

తలుపు తెరుచుకుంది. అల్లుడు వచ్చాడు, మామ కళ్ళలోకి చూడలేదు. "వెళ్ళండి" అని మాత్రం అని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. దాంతో గోడౌనాయనకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

లోపల మేనేజరమ్మ కుర్చీ చూపించింది. లాప్‌టాప్ మనిషి పక్కనే ఉన్నాడు. ఆవిడ ముఖంలో చిరునవ్వుంది. ఆ నవ్వు చూసి గోడౌనాయనకి ఒళ్ళు మండింది. దొంగని పట్టుకున్నాక నవ్వే నవ్వనుకున్నాడు.

"సార్, మీకు ముందు వచ్చినాయన మీ గురించి మాకొక మాట చెప్పారు" అందావిడ.

అంతే. కట్ట తెగింది.

"చెప్పాడా? చెప్తాడని తెలుసు నాకు! అవునమ్మా, ఆ పరీక్ష నేను రాయలేదు. నాకు రాదు. చెయ్యి వణికితే లేవమన్నాడు, లేచాను. తప్పే. నేనే రాశానని టిక్కు కూడా పెట్టించుకున్నా, అదీ తప్పే. కానీ ఆ టిక్కు పెట్టినవాడెవడో అది కూడా చెప్పాడా మీకు? వాడేనమ్మా రాసింది! వాడు నా అల్లుడు! నా సొంత అల్లుడు నా కూతురికి చెప్పకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. నాకు చేతకాదని వాడు మీకు చెప్పక్కర్లేదు, నేనే చెప్తా. నాకు ఆ బొమ్మల లారీలు చేతకావు. అసలు లారీలైతే..." అని, ఊపిరందక ఆగాడు.

లాప్‌టాప్ మనిషి కొట్టుకోవడం ఆపి, మొదటిసారి తలెత్తి గోడౌనాయన్ని చూశాడు. మేనేజరమ్మ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో పోయింది.

"ఆయన చెప్పింది పరీక్ష గురించి కాదు సార్" అందావిడ మెల్లగా.

"మరేంటి?"

"తన పేరు తీసెయ్యమన్నారు. పొద్దున్న మీతో పని చేశాక, మీ కంటే ఈ ఉద్యోగానికి తగినవాళ్ళు లేరనిపించిందన్నారు. మీ కింద ఏదన్నా చిన్న పని ఖాళీ ఉంటే తనని పిలవమన్నారు." ఆవిడ ఎదురుగా ఉన్న కాగితాన్ని అటూ ఇటూ జరిపింది. "మాకూ అలాగే అనిపించింది సార్. మీతో ఆ మాటే చెబుదామనుకున్నాను."

గోడౌనాయన గబుక్కున చేతులు జోడించాడు.

"అమ్మా, నేనేమీ అనలేదనుకోండి."

ఆవిడ లాప్‌టాప్ వైపు చూసింది. లాప్‌టాప్ మనిషి ఇబ్బందిగా కదిలాడు. "రికార్డవుతోంది మేడమ్" అన్నాడు.

"పరీక్ష ఒకరిది ఒకరు రాస్తే ఇద్దరి అప్లికేషన్లూ రద్దు చెయ్యాలి సార్. నా చేతుల్లో లేదు" అంది మేనేజరమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు నన్ను పూర్తిగా చెప్పనివ్వాల్సింది."

గోడౌనాయన లేచాడు. మెడలో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. మనిషి ఒక్కసారిగా పదేళ్ళు పెద్దవాడైపోయాడు. రంగేసిన జుట్టు ఆ ముఖానికి ఎవరిదో తెచ్చి పెట్టినట్టుంది.

బయట అల్లుడు ఎదురొచ్చాడు. ఇందాక దాచిన ముఖం ఇప్పుడు విప్పారి ఉంది. చేతులు కూడా పట్టుకున్నాడు.

"ఎప్పుడు చేరమన్నారు మామయ్యా?"

గోడౌనాయన ఆ చేతులు విడిపించుకోలేదు. అలాగే పట్టుకుని, బయట మెట్ల దాకా నడిపించుకుపోయాడు. అక్కడ కూలబడ్డాడు.

"చెప్పేశాను. పరీక్ష సంగతి నేనే చెప్పేశాను. నువ్వు ఎప్పుడో చెప్పేసి ఉంటావనుకున్నా." పెళ్ళయిన ఇన్నేళ్ళలో అల్లుణ్ణి నువ్వు అనడం అదే మొదలు, ఆ సంగతి ఆయన గమనించనే లేదు. "నీ పేరూ పోయింది, నా పేరూ పోయింది. నిన్ను నమ్మలేదు నాయనా. నా నోరు పడిపోను, నమ్మలేదు."

ఎన్నడూ గొంతెత్తని అల్లుడు గొంతెత్తాడు.

"అంత మాట ఎలా అనుకున్నారు మామయ్యా? మీ అన్నం తిన్నాను. మీ ఇంట్లో మనిషినే అనుకున్నాను. నన్ను అంత లోకువగా..." దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. అల్లుడు మెట్టు మీద కూర్చుండిపోయాడు. కోపం ఎక్కువసేపు నిలబడలేదు అతనికి. "నోటిదాకా రాలేదని చెప్పను. వచ్చింది. ఆవిడ మీ గురించి అడగ్గానే వచ్చింది ఆ పరీక్ష మాటే. నాకే భయమేసింది. ఇంకాసేపు కూర్చుంటే అనేస్తానేమోనని, నాకు వద్దండీ అని లేచొచ్చేశా."

ఇద్దరూ అలా కూర్చున్నారు, పక్కపక్కనే. లోపల అద్దం వెనక కళ్ళజోడావిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. నవ్వుతూ, ఏడుస్తూ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. పోన్లే, ఒకరికైనా వచ్చింది. కష్టపడిన మనిషి. గోడౌనాయన మనస్ఫూర్తిగానే అనుకున్నాడు ఆ మాట, కానీ దాంతో కడుపులో మంట చల్లారలేదు.

జేబులో ఫోన్ మోగింది. కూతురు.

గోడౌనాయన తెర మీద ఆ పిలుపుని చూస్తూ ఉండిపోయాడు. ఎత్తితే ఏం చెప్పాలి? తన సంగతి ఒక్కటైతే చెప్పెయ్యచ్చు. రాలేదమ్మా అంటే, పోన్లే నాన్నా ఇంకోటి వస్తుందిలే అంటుంది. మిగతాది ఎవరు చెప్తారు? ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

అల్లుడు చెయ్యి చాపి, మామగారి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"నాన్నా! ఏమన్నారు? వచ్చిందా?" కూతురి గొంతు ఇద్దరికీ వినపడింది.

"నేను" అన్నాడు అల్లుడు.

"నువ్వా? నాన్న ఫోన్ నీ దగ్గరుందేంటి? నువ్వు పనిలో లేవా? నాన్నకేమైనా అయిందా?"

"మామయ్యకేం కాలేదు. నా పక్కనే ఉన్నారు." గోడౌనాయన చెయ్యి అతని భుజం మీదికొచ్చింది. "ఉద్యోగం రాలేదు. ఇద్దరికీ రాలేదు."

వీధిలో ఒక బస్సు వచ్చి ఆగి, జనాన్ని దింపి వెళ్ళిపోయింది.

"ఇద్దరికీ అంటే?" అంది కూతురు.

గోడౌనాయన భుజం మీంచి చెయ్యి తియ్యలేదు. అల్లుడు చెప్పడం మొదలుపెట్టాడు.